చీపురు తగిలిన రాయి

వెండెల్ ఫ్రీసెన్‌కి పక్కింటివాడి కొత్త ట్రక్కు మీద ఈర్ష్య లేదు, బావమరిది పొలం మీద ఈర్ష్య లేదు. కెనడాలోని మానిటోబాలో కార్న్‌హిల్ లాంటి ఊళ్ళో పుట్టి, యాభై దాటేదాకా అక్కడి ఇంటర్నెట్ సహకార సంఘంలోనే స్తంభాలెక్కి తీగలు లాగినవాడు అలాంటివి పట్టించుకోడు. అతని కడుపుమంటంతా ఒకే ఒక్క మనిషి మీద. ఆమె మార్లిస్ హ్నాట్యుక్. అదే సంఘంలో ఫోన్ల దగ్గర కూర్చుని జనం ఫిర్యాదులు వింటుంది.

ఎందుకో తెలియాలంటే ముందు వెండెల్ గోల తెలియాలి. రౌటర్లు తయారుచేసే కంపెనీలు స్పీడు గురించి ఊదరగొడతాయి, ఆలస్యం ఊసెత్తవు. పంపింది ఒక్క ముక్క కూడా పోకూడదని రౌటర్‌లో మెమరీ కుక్కిపెట్టి, అదో గొప్పగా చెప్పుకుంటాయి. ఇంట్లో ఎవరైనా పెద్ద వీడియో పంపడం మొదలుపెడితే ఆ ముక్కలన్నీ లోపల బారులు తీరతాయి. పక్క గదిలో ముసలమ్మ డాక్టరుతో ఆడే మాట కూడా ఆ బారు చివరే నిలబడాలి. కోతల కాలంలో గింజల లారీల వెనక, పరీక్షకి గుప్పెడు గోధుమలు తెచ్చినవాడు పడిగాపులు పడ్డట్టు. బారు తగ్గించండి, చిన్నవాటికి దారివ్వండి అని వెండెల్ ఏళ్ళ తరబడి కంపెనీలకి రాశాడు. గ్రాఫులు గీసి పంపాడు. విన్నిపెగ్‌లో పరికరాల ప్రదర్శన పెడితే ప్రతి బల్ల దగ్గరా నిలబడి మొత్తుకున్నాడు. వాళ్ళు నవ్వి, చేతిలో ఒక పెన్ను పెట్టి పంపేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదాడంటే సరిపోదు, ఎందుకంటే వాళ్ళకి చెవులు బాగానే పనిచేస్తాయి.

ఇదంతా చూసి చూసి ఒకరోజు మార్లిస్ కాఫీ కప్పుతో అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"నీ గ్రాఫులు ఎవడు చూస్తాడయ్యా? నాకే నిద్రొస్తుంది. వాళ్ళని ఒకసారి మన మంచు మీదికి పిలుద్దాం."

మంచు అంటే ఊరి కర్లింగ్ క్లబ్బు. అక్కడ ఒకరు బరువైన రాయిని మంచు మీద జారవిడుస్తారు. ఇద్దరు చీపుళ్ళతో దాని ముందు ఊడుస్తూ పరిగెడతారు. ఊడిస్తే రాయి ఇంకొంచెం సాగుతుంది. ఎప్పుడు ఊడవాలో, ఎప్పుడు ఆపాలో జట్టు నాయకుడు అరిచి చెబుతాడు. ఒక్క క్షణం తేడా వచ్చినా, మంచు మీద గీసిన వలయాల్లో రాయి ఆగదు.

మార్లిస్ ఒక్క ఫోన్ కొట్టింది. కర్టిస్ బెల్మోర్ అనే పెద్దమనిషి, ఒక రౌటర్ల కంపెనీలో కొత్త మోడళ్ళకి పచ్చజెండా ఊపేవాడు, శనివారం వస్తానన్నాడు. ఆయనకి కర్లింగ్ పిచ్చి అని ఈమె ఎలా పసిగట్టిందో దేవుడికే తెలియాలి. ఆయన కంపెనీకే వెండెల్ మిగతావాటికన్నా ఎక్కువ ఉత్తరాలు రాశాడు.

"నా పెళ్ళికి ఇంకెవరో ముస్తాబైనట్టుంది," అన్నాడు ఇంట్లో భార్య లోర్నాతో.

"పనయితే చాలదా నీకు?"

చాలదు. ఆ మాట పైకి అనలేక పళ్ళెంలోని పెరోగీలు, ఆ బంగాళాదుంప కుడుములు, గబగబా మింగాడు.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు నిండిపోయింది. బెల్మోర్‌ని నాయకుడిగా మేడ మీద గదిలో కూర్చోబెట్టి కిటికీ తెరలు దించేశారు. మంచు ఆయనకి తెర మీద మాత్రమే కనిపిస్తుంది. బొమ్మ వెళ్ళాలన్నా, ఆయన అరుపు కిందికి రావాలన్నా ఆయన కంపెనీ రౌటర్‌లోంచే. అదే రౌటర్ గుండా పాత ఆటల వీడియోలు బయటికి పంపుతూ ఉండడం కింద కంప్యూటర్ ముందు కూర్చున్న వెండెల్ పని. మార్లిస్ అతని వెనకే మైకు పట్టుకుని జనాన్ని నవ్విస్తోంది. "ఈయన రౌటర్, ఈయన అరుపు, మన రాయి. ఓడితే తప్పు మంచుది కాదు." పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లో ఒక్కటైనా ఏనాడూ వెండెల్‌కి దక్కలేదు.

రాయి చేయి దాటింది. వెండెల్ వేలు కదిలింది. వీడియోలు ఆగిపోయాయి.

బొమ్మ నీళ్ళలా సాగింది. బెల్మోర్ అరుపు సమయానికి వచ్చింది, చీపుళ్ళు సమయానికి ఆడాయి, రాయి వెళ్ళి నడి వలయంలో కూర్చుంది. చప్పట్లు మోగాయి. వెనక్కి తిరిగి చూస్తే మార్లిస్ ముఖం పాలిపోయి ఉంది. వెండెల్‌కి ఆ క్షణం గుండెల్లో చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు.

బెల్మోర్ మెట్లు దిగి తిన్నగా వెండెల్ దగ్గరికే వచ్చాడు.

"ఉత్తరాలు రాసేది మీరేనటగా? చూశారుగా, మా రౌటర్‌కి ఏ రోగమూ లేదు. సోమవారం కొత్త మోడల్‌కి సంతకం పెట్టేస్తాను. ఇక మీకూ శ్రమ ఉండదు."

చల్లదనం ఎటో పోయింది. ఆమె నిలబడ్డ కొమ్మని నరికాననుకున్నాడు, తీరా చూస్తే తనూ దాని మీదే ఉన్నాడు.

ఈ ఆటకి ఆ ఊళ్ళో అంపైర్ ఉండడు. కదిలే రాయికి చీపురు తగిలితే, తగిలినవాడే చెయ్యెత్తి చెప్పాలి. చెప్పనివాడితో ఆ తర్వాత ఎవరూ ఆడరు. వెండెల్ నలభై ఏళ్ళుగా అక్కడ ఆడుతున్నవాడు. చెయ్యెత్తాడు. చేతిలో చీపురు లేదు.

"ఆ రాయికి నా చీపురు తగిలింది," అన్నాడు. "వీడియోలు ఆపేశాను. కావాలనే. ఇంకో రాయి వెయ్యండి."

బెల్మోర్ కూడా ఆ ఆటవాడే, తిరిగి మేడెక్కాడు. వెండెల్ వీడియోలన్నీ వదిలాడు. ఈసారి "ఊడవండి" అన్న అరుపు వచ్చేసరికి రాయి వలయాలకి ఇవతలే చతికిలబడి ఉంది. ఆగిపోయిన రాయి ముందు కుర్రాళ్ళిద్దరూ చీపుళ్ళు పట్టుకుని బిక్కమొహాలు వేశారు. ఎవరూ నవ్వలేదు. బెల్మోర్ దిగివచ్చి ఆ రాయికీ వలయాలకీ మధ్య ఎంత దూరమో అడుగులతో కొలిచాడు.

"సోమవారం సంతకం పెట్టను," అన్నాడు. "మార్లిస్ గారూ, మీరొకసారి వచ్చి మా ఇంజనీర్లకి ఇదే చూపించాలి."

వెండెల్ పేరు ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు?

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి మొదటి గ్లాసు బీరు కొనిపెట్టడం క్లబ్బు మర్యాద. మార్లిస్ బెల్మోర్‌కి కొనిచ్చి, ఇంకో గ్లాసు తెచ్చి వెండెల్ ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు, గ్లాసు వైపే చూస్తూ.

"నీ వెనకే నిలబడ్డానుగా. నీ కంప్యూటర్‌లో వీడియోల గీత ఆగడం చూశాను."

"మరి అప్పుడే అరవచ్చుగా."

"తగిలినవాడు చెప్పాలి గానీ చూసినవాళ్ళు చెప్పరు కదా. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నాను."

ఆమె స్థానంలో తనుంటే మైకులో అరిచి ఊరంతా పోగుచేసేవాడు. ఆ సంగతి వెండెల్‌కి బాగా తెలుసు. చివరికి ఆ ఓర్పు కూడా ఈవిడకే ఉండాలా అని అతనికి మళ్ళీ కడుపు మండింది.