ఎండు మట్ట కింద గూడు

నిన్న సాయంత్రం భవానీపురంలో మా ఫ్లాటు బాల్కనీ ముందునుంచి రెండు సన్నటి పిట్టలు కృష్ణా నది వైపు దూసుకుపోయాయి. బైనాక్యులర్ తెచ్చుకునే ఓపిక లేదు. అయినా పేరు తెలిసిపోయింది. ఆ పేరు ఎలా నేర్చుకున్నానో గుర్తొచ్చి లోపలికి వచ్చేశాను.

ఇంజనీరింగు చదివే రోజుల్లో నా దగ్గర పిట్టల పట్టిక ఒకటి ఉండేది. పిట్టకో వరస, వరసకు నాలుగు గళ్ళు: చోటు, వేళ, తోక, గూడు. ఉయ్యూరు దగ్గర మావయ్య చేలో తిరిగే పిట్టలను చాలాకాలం వంతెనల కింద గూళ్ళు కట్టే రకమనే రాసుకున్నాను. ఆ రకానికి నడుం మీద తెల్లపట్టీ ఉంటుంది, వీటికి లేదు. వీటి తోక మూసిన కత్తెరలా ఉంది. కొట్టేసి, ఏషియన్ పామ్ స్విఫ్ట్, అంటే తాడిచెట్ల పిట్ట, అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. గూడు చూస్తే గాని అది పోదు. అవేమో తీగ మీదైనా వాలవు. చెరుకు మీద చక్కర్లు కొట్టి, గట్టు మీది తాడిచెట్టులో దూరి మాయమయ్యేవి.

ఆ చెట్టు నిండా ఎండు మట్టలు వేలాడుతుండేవి. అవి అడ్డమై గూడు కనబడటం లేదని తేల్చుకున్నాను. పక్క చెట్లకు కల్లు గీయడానికి వచ్చిన పెద్దాయన్ని దీన్ని కూడా శుభ్రం చేయమన్నాను. పిట్ట కోసమని చెప్పడానికి మొహమాటపడ్డాను.

"గీయని చెట్టుకి క్షవరం ఎందుకండీ?" అంటూనే ఎక్కాడు.

మట్టలు దబదబా పడ్డాయి. ఒకదాని అడుగున, పిట్టలు తమ ఉమ్మితో అతికించిన బొటనవేలంత దూది దొప్ప. అందులో రెండు తెల్లటి గుడ్లు. ఒకటి చితికింది.

"పెళ్ళిచూపుల్లో కూడా నువ్వింత పట్టుబట్టవురా. చూశావుగా, ఇక రాసుకో," అన్నాడు గట్టు మీద నిలబడి చూస్తున్న మావయ్య. ఆయన మొహంలో నవ్వు లేదు.

పెద్దాయన దిగి కత్తి తుడుచుకున్నాడు. "పిట్ట సంగతి ముందే చెప్పాల్సిందండీ. అవుండేదే ఎండు మట్టల్లో. అందుకే గీయని చెట్టు జోలికి నేను పోను."

పుస్తకాలన్నిటినీ అడిగాను. ఆయన్ని అడగలేదు.

పొద్దు వాలేదాకా ఆ రెండూ బోసిచెట్టు చుట్టూ సన్నగా అరుస్తూ తిరిగాయి. నేను ప్రశ్నార్థకం కొట్టేసి, నాలుగో గడి నింపాను.

ఆ చెట్టుకు మళ్ళీ ఎండు మట్టలు వేలాడుతున్నాయని మొన్న మావయ్య ఫోనులో అన్నాడు. పిట్టల మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. వేళ అన్న గడిలో నిమిషాలతో సహా రాసేవాణ్ణి. ఒక పచ్చమట్ట ఎండి కిందికి వాలడానికి ఎంత కాలం పడుతుందో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.