గీతల మీద పడని దెబ్బ

నేను డీజేని. మినీ లారీ మీద బాక్సులు కట్టుకుని పెళ్ళిళ్ళకూ వినాయక నిమజ్జనాలకూ పోయే డీజేలు నంద్యాలలో వీధికొకరున్నారు. వాళ్ళు పాటలు వేస్తారు. నేను వేయడమే కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు చేస్తాను కూడా. ఈ తేడా మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. మా అమ్మ లెక్కలో నేను చేసేది గోల. మా నాయన లెక్కలో అది గోలకంటే ఇంకో మెట్టు కిందిది.

మా నాయన చర్చిలో తబలా వాయిస్తాడు. వారమంతా కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పని, ఆదివారం తబలా. నేను బడికి పోయే రోజుల్లో కటింగ్ మిషన్ ఆయన కుడిచేతి ఉంగరపు వేలిని సగానికి తీసేసింది. తబలా మీద ఆ వేలు దెబ్బ వేయదు, ఊరికే ఆని ఉంటుంది. అది ఆనితేనే చూపుడు వేలి దెబ్బ సరిగ్గా పలుకుతుంది. రెండేళ్ళపాటు ఆయన తబలా ముట్టలేదు. ఆ రెండేళ్ళు ఇంట్లో ఎవరం గట్టిగా నవ్విన గుర్తు కూడా లేదు. తర్వాత ఎవరికీ చెప్పకుండా, చిటికెన వేలిని ఆ చోటికి వంచి ఆనించడం నేర్చుకున్నాడు. అది వంగి ఆనేలోపు కాస్త ఆలస్యమవుతుంది. అందుకే ఆయన వాయిస్తే నాలుగో దెబ్బ రావలసిన చోటికి కొంచెం వెనక పడుతుంది. గుమ్మం దాటబోయే మనిషి ఏదో గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది.

చర్చికి కరెంటుతో మోగే రిథమ్ ప్యాడ్ కొన్నప్పటినుంచి ఆ ఆలస్యం తప్పయింది. ప్యాడ్ వాయించే అతను మంచివాడే, కానీ ఒక ప్రాక్టీసులో అందరి ముందు, "అన్నా, నీకు టైం జారుతాంది" అన్నాడు. మా నాయన నవ్వి ఊరుకున్నాడు. అప్పటినుంచి సంఘ పెద్దలు ఆయనకు నిదానం పాటలు రెండు మాత్రం మిగిల్చారు. ఇంటికొచ్చాక ఆయన కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంటాడు. అలా చూసినప్పుడల్లా ఆ ప్యాడ్‌ను ఎత్తి కేసీ కాలువలో పారేయాలన్నంత కోపం వచ్చేది నాకు. అంత కోపం వచ్చినవాణ్ణి, తర్వాత నేను చేసిన పని వినండి.

శనివారం ప్రాక్టీసుకు రాలేనివాళ్ళ కోసం తబలా పక్కన ఫోను పెట్టి రికార్డు చేయడం నా పని. అలా చేసినదాంట్లోంచి ఒకరోజు ఎనిమిది సెకన్లు కత్తిరించి ఇంటికి తెచ్చుకున్నాను. నాకు చాలా రోజులుగా ఒక పాట చెయ్యాలని ఉండేది. సినిమా పాట ఉండకూడదు, మాట ఉండకూడదు, ఒట్టి దెబ్బ మీదే జనం లేవాలి. ఆ ఎనిమిది సెకన్లను తిప్పి తిప్పి వేసి, కింద బేస్ పెట్టి, ఆ పాట చేశాను.

ఇక్కడ నా పని గురించి ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ తెర మీద నిలువుగా గీతలుంటాయి. ప్రతి దెబ్బా ఒక గీత మీద పడాలి. తప్పిన దెబ్బలన్నిటినీ గీతల మీదికి లాగే బటన్ ఒకటి ఉంటుంది. ఈ పనిలో ఉన్న ఎవడైనా ముందు అదే నొక్కుతాడు. నేనూ నొక్కాను. పాట చచ్చిపోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుని, మా నాయన వేలు ఎక్కడ పడిందో అక్కడే వదిలేశాను. సంజామల పెళ్ళిలో మొదటిసారి వేస్తే కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ళు కూడా లేచారు. నెల తిరిగేసరికి పెన్‌డ్రైవుల మీద అది బనగానపల్లె దాటిపోయింది. ఇంతవరకూ నేను చేసినవాటిలో జనం నోరు తెరిచి అడిగి వేయించుకున్న పాట అదొక్కటే.

మా నాయనకు చెప్పలేదు. చెప్పే ముఖం లేదు. నేను డీజే మొదలుపెట్టిన రోజున ఆయన ఒకే మాట అడిగాడు. "నీ రోడ్డు మీద నువ్వేమన్నా వాయించుకోప్పా. దేవుని ముందర మోగేది మాత్రం రోడ్డుకు తేవద్దు." సరేనన్నాను. ఆ సరే నన్ను రోజూ పొడిచేది. ఆయనకు తెలిస్తే తిడతాడని కాదు నా భయం. తబలాను బట్టలో చుట్టి అటక మీద పెట్టేస్తాడని. ఈసారి పెట్టేస్తే ఇక దింపడు.

అలా ఉండగా ఆళ్ళగడ్డ పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకు స్నేహితులు ఫోన్ చేసి, చర్చి నుంచి ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపుకు ఆ పాట వేస్తేనే రమ్మన్నారు. ఒప్పుకున్నాను. మధ్యాహ్నం లారీ చర్చి ముందు ఆపి వైర్లు కలుపుతుంటే, లోపలినుంచి తబలా వినబడింది. నాలుగో దెబ్బ వెనక పడింది. నా చేతిలో వైరు అలాగే ఉండిపోయింది.

పెళ్ళికూతురి తండ్రి మా నాయనతో రాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసినవాడట. కూతురి పెళ్ళికి ప్యాడ్ వద్దు, నువ్వే వాయించాలని పట్టుబట్టి పిలిపించుకున్నాడు. కిటికీలోంచి చూశాను. తెల్లచొక్కా, పక్కపాపిడి, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. నిదానం పాటలే కాదు, అన్నీ ఆయనే. అంత సంతోషంగా ఆయనను చూసి చాలా ఏళ్ళయింది. ఇంకాసేపట్లో ఇదే మనిషి ఇదే గుమ్మం దిగి, తన చెయ్యి రోడ్డు మీద మోగడం వినాలి.

పెళ్ళికొడుకు స్నేహితుల్లో పెద్దవాడనిపించిన అతన్ని పక్కకు పిలిచాను.

"ఆ పాట ఒక్కటి వద్దన్నా. దానికంటే మంచివి ఉండాయి."

"ఏందీ? దాని కోసరమే కదా నిన్ను పిలిచింది."

"చర్చి ముందర బాగుండదన్నా."

"పెండ్లి మాది, చర్చి మాది. బాగుంటాదో లేదో మాకు తెలీదా? వేస్తావా, వేరే లారీ పిలుచుకోమంటావా?"

చుట్టూ పదిమంది చేరారు. ఐదు గంటలకల్లా బాక్సులు ఆపాలని పోలీసులు ముందే చెప్పి పోయారు, వీళ్ళకు ఆ తొందరొకటి. లోపల చివరి ప్రార్థన మొదలైంది. లారీ ఎక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పుడు తట్టింది నాకు ఆ తెలివి. పాట వేయక తప్పదు. కానీ అది ఆయన చెయ్యని తెలియకుండా వేయొచ్చు. గీతల మీదికి లాగేస్తే అది ఎవరి చెయ్యయినా కావచ్చు.

పాట తెరిచాను. తబలా దెబ్బలన్నీ ఎంచుకున్నాను. బటన్ నొక్కాను. వెనకబడిన నాలుగో దెబ్బలన్నీ ఒక్కసారిగా ముందుకు జరిగి గీతల మీద నిలబడ్డాయి. ఫైలు తయారవడానికి నాలుగు నిమిషాలు చూపించింది. బయట, "ఇంగా ఎంతసేపు?" అని లారీ రేకు మీద చరుస్తున్నారు. ఆమెన్ అన్నది వినబడింది. తలుపులు తెరుచుకున్నాయి. తొంభై శాతం. పూలు చల్లుతూ పెళ్ళివాళ్ళు మెట్లు దిగారు. వాళ్ళ వెనక, బట్టలో చుట్టిన తబలా చంకన పెట్టుకుని మా నాయన దిగాడు. లారీ మీద నన్ను చూశాడు. ఆశ్చర్యపోలేదు. కొంచెం తలాడించాడు. ఫైలు తయారైంది. వేశాను.

మొదట కేకలు వేశారు, చేతులు లేపారు. నిమిషం గడిచేసరికి కాళ్ళు తడబడడం మొదలైంది. తెలిసిన పాటే, బేస్ అదే, అయినా ఎందుకో ఎవరికీ ఊపు రావడం లేదు. "ఏందిప్పా, డూప్లికేట్ వేసినావా?" అని ఒకతను అరిచాడు. నేను పట్టించుకోలేదు. చర్చి గోడ పక్కన నిలబడ్డ మా నాయనను చూస్తున్నాను. ఆయన తల వంచి వింటున్నాడు. కుడిచెయ్యి తబలా మూట మీద కదులుతోంది, దెబ్బ దెబ్బకూ. నాలుగో దెబ్బ దగ్గర ఆ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగింది. తర్వాత కదలలేదు.

జనాన్ని తప్పించుకుంటూ లారీ దగ్గరికి వచ్చాడు. శబ్దం తగ్గించి వంగాను.

"దీంట్లో నా ఏలు యాడ పోయింది?" అన్నాడు.

నేను శబ్దం ఇంకొంచెం తగ్గించాను.

"ఈ పాట కొలిమిగుండ్లలో జీపెక్కినప్పుడు విన్యా. డ్రైవరు పెట్టినాడు. మూడుసార్లు పెట్టించుకున్యా. రోడ్డుకు తేవద్దంటే తెచ్చినావని కోపమొచ్చింది. కానీ నా చెయ్యి అట్లే ఉండింది దాంట్లో. అట్లే ఉంచినాడు నా కొడుకు అనుకున్యా. నువ్వే చెప్తావులే అని చూస్తాండా." బాక్సుల వైపు చూశాడు. "ఈపొద్దు అది లేదు."

"నీకు తెలీకూడదని సరిచేసినా నాయనా" అన్నాను. సరిచేసినా. అంత మంచి మాట ఇంకొకటి దొరకలేదు నాకు.

"మిషన్ ఒకసారి తీసింది. నువ్వు రెండోసారి తీసినావు."

అరవలేదు. ఆ మాట అనేసి, మూట చంకలో గట్టిగా ఇరికించుకుని బస్టాండు వైపు నడిచాడు. నాకు తలకాయ తీసేసినట్టయింది. పెళ్ళివాళ్ళు అరుస్తుంటే పాత ఫైలు వెతికి వేశాను. రోడ్డంతా లేచింది. ఆయన మలుపు తిరిగే ముందు ఆగి వింటాడేమోనని చూశాను. ఆగలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో ఆయన మగవాళ్ళ వరుసలో కూర్చున్నాడు. తబలా ఇంట్లో అటక మీద ఉంది. నేను భయపడిందే జరిగింది, అదీ నా చేతుల మీదుగా. ప్యాడతను వచ్చి, "ఏమన్నా, నా మాటకా?" అని అడిగాడు పాపం. మా నాయన కాదన్నాడు. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

ఐదు వారాలు అలాగే గడిచాయి. ఇంట్లో అన్నం పెట్టమన్నంత వరకే మాటలు. ఆ ఐదు వారాలూ నేను ఎక్కడా ఆ పాట వేయలేదు, అడిగినవాళ్ళతో గొడవలు పెట్టుకున్నాను. చివరికి ఒకరోజు మధ్యాహ్నం భోంచేస్తున్న ఆయన ముందు నిలబడి, "నాయనా, నీకు చెప్పకుండా తీసుకున్యా. తప్పు. నీ దెబ్బల్ని తెర మీద గీతల మీదికి లాగి నీ చెయ్యి నీకే తెలీకుండా చేసినా, అది ఇంగా పెద్ద తప్పు. క్రిస్మస్‌కు ఒక పాట చేస్తాండా, దానికి నీ తబలా కావల్ల. చర్చి కోసరమే. ప్యాడ్ నాకొద్దు" అన్నాను. ఆయన మజ్జిగ పోసుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నా గదిలో కూర్చుని ఉంటే అటక కింద స్టూలు జరిపిన చప్పుడైంది. ఆయన మూటతో వచ్చి నేల మీద కూర్చున్నాడు. బట్ట విప్పాడు. ఆ బట్ట మీద దుమ్ము కూడా లేదు. నేను మైకు సర్ది రికార్డు బటన్ నొక్కాను. వాయించబోయి ఆగి, తెర వంక చూశాడు.

"గీతలు అట్లే ఉండాయే" అన్నాడు.

తెర ఆర్పేశాను. రికార్డు అవుతున్నదీ లేనిదీ నాకూ కనబడదిక. ఆయన చిటికెన వేలు వంచి తోలు మీద ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వెనకే పడింది.