మంద ఒక్కటే ఇంటికొచ్చిన రోజు

ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టరుగా పనిచేసినవాడికి మనుషుల్ని చూడగానే కొలిచే జబ్బు ఒకటి అంటుకుంటుంది. ఎవరైనా ఎదురుగా వస్తుంటే మొహం కంటే ముందు నాకు ఛాతీ కనబడుతుంది, ఆ తర్వాత పిక్కలు. మా అమ్మాయి పెళ్లిచూపులకు వచ్చిన కుర్రాణ్ని "ఊపిరి బాగా పీల్చు నాయనా" అన్నానని మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

రిటైరయ్యాక కూడా నేను ఊరుకోలేదు. పోలీసు, మిలిటరీ సెలక్షన్లకు పోయే పిల్లలకు రోజూ పొద్దున్నే ఆత్మకూరు స్కూలు మైదానంలో ఊరికే పరుగు నేర్పిస్తాను. ఆ మైదానం మూలలో ఒక గుండు పడి ఉంటుంది. తిరునాళ్లలో మొనగాళ్లు పందెం కట్టి భుజానికెత్తే రాయి అది. కొత్తగా వచ్చినవాడు దాన్ని కనీసం మోకాలి ఎత్తుకు లేపాలి, అప్పుడే నా రిజిస్టరులోకి ఎక్కుతాడు. ఇది నేను పెట్టిన రూలు. సీమలో మగతనాన్ని రాయితోనే కొలుస్తారు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

మా చెల్లెలి కొడుకు ఆ గుండును జానెడు కూడా లేపలేకపోయాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఇరవై మంది ముందు నేను గట్టిగా నవ్వి, "మిలిటరీ నీకెట్ల సరిపోతాది అల్లుడా? బ్యాంకు పరీక్ష రాసుకోపో" అన్నాను. వాడు "సరే మామా" అని చేతుల మట్టి దులుపుకుని వెళ్లిపోయాడు. కనీసం మొహం చిన్నబుచ్చుకుని ఉంటే నాకు తృప్తిగా ఉండేది. అదీ లేదు.

ఏడాది తిరక్కుండానే వాడు సైన్యంలో చేరాడు. మరో మూడేళ్లకు పారా కమాండో అయ్యాడని మా చెల్లెలు ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. కమాండోలకు వంట చేసే పని దొరికిందేమో, ఈమె సరిగా విని ఉండదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు దాచిపెట్టి లాభం లేదు.

సెలవుకి వచ్చినప్పుడు వాణ్ని మైదానానికి తీసుకుపోయాను. మా పిల్లలు చుట్టూ మూగి తుపాకుల కథలు చెప్పమన్నారు. వాడు కూర్చుని, పాదం బొబ్బలెక్కకుండా సాక్సు ఎలా వేసుకోవాలో అరగంట చూపించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో కూడా అంతే. పెట్టింది తింటాడు, తన పళ్లెం తనే కడుక్కుంటాడు, ఖాళీ దొరికితే నులకమంచం మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు. "కమాండో అంటే ఇదేనా?" అని మా చెల్లెలితో అన్నాను కూడా.

మా చెల్లెలి ఊరు ఆత్మకూరు నుంచి నల్లమల వైపు, గుట్టల కిందనే ఉంటుంది. మా బావకు అరవై దాటాయి. చక్కెర జబ్బు ఉంది. వద్దన్నా వినకుండా రోజూ గొర్రెలు తోలుకుని గుట్ట మీదికి పోతాడు. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉన్నాను. సంగటి వండుతున్నారని వాసన చూసి కాస్త ఆశగా కూర్చున్నాను. పన్నెండు కాకముందే గొర్రెలు ఇంటికి వచ్చేశాయి. సాయంత్రం రావలసిన మంద అది. వెనకాల మా బావ లేడు.

మా చెల్లెలు దొడ్డి దగ్గర నిలబడి వీధి చివరిదాకా చూసింది. తర్వాత కెవ్వుమంది. బావ ఫోను ఇంట్లోనే చార్జింగులో ఉంది. ఒక్క నీళ్ల సీసా తీసుకుని తెల్లారకముందే పోయాడట. ఆ ఎండలో ఒక్క సీసా నీళ్లతో చక్కెర జబ్బు మనిషి ఎంతసేపు నిలబడతాడో నాకు తెలుసు. చీకటి పడితే ఎలుగుబంట్లు కిందికి దిగుతాయి. ఇక నేను ఆగలేదు. మెడలో ఎప్పుడూ ఉండే విజిల్ ఊది ఊరి జనాన్ని పోగుచేశాను. ఆరు మోటారుసైకిళ్లు సిద్ధమయ్యాయి. గొర్రెల అడుగులు పట్టుకుని వెనక్కి పోతే బావ దొరుకుతాడని అందరిదీ ఒకే మాట.

మా అల్లుడు మాత్రం దొడ్డిలో గొంతుక్కూర్చుని గొర్రెల కాళ్లు చూస్తున్నాడు.

"మీ నాయన యాడ పడినాడో తెలీకుండా ఉంటే గొర్రెలు చూస్తా కూచున్యావా?" అని అరిచాను.

"ఒక్క నిమిషం మామా," అని వాడు వాళ్లమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఏడుపు ఆపి ఒకసారి మంద చూడు. ఏది రాలేదు?"

మా చెల్లెలు కళ్లు తుడుచుకుని ఒక్కొక్కదాన్నీ చూసింది. "నల్లమూతిది లేదురా. ఈ వారంలో ఈనాల్సిన గొర్రె."

"అయితే నాయన దాని కాడ నిలబడిపోయినాడు. ఈనే గొర్రెను ఇడిచిపెట్టి రాడు. చూడు మామా, వీటి కాళ్లకు తడి బురద ఉండాది. మనిషి తోలకుండా వాటి పాటికి అవి చెరువుకు పోయి, నీళ్లు తాగి ఇంటికొచ్చినాయి. అడుగులు పట్టుకుంటే మనకు దొరికేది చెరువే."

మందను సొంత బిడ్డల్లా నమ్మే మా జనం చేసే తప్పు అది. గొర్రె దారి తప్పదని మాకు గట్టి నమ్మకం. దాహం వేసిన గొర్రెకు యజమాని గుర్తుండడని మాత్రం తట్టదు. మోటారుసైకిళ్లవాళ్లు అప్పటికీ వినలేదు. వాడు వాదించలేదు. "మీరు చెరువు పక్క చూడండప్పా, అదీ ఒక పనే. పొద్దు వాలేసరికి నేను రాకుంటే ఫారెస్టోళ్లకు చెప్పండి" అన్నాడు. ప్రతివాడికీ ఒక పని అప్పగించేసరికి అందరూ కుదుటపడ్డారు.

"తెస్తావా నాయనా?" అంది మా చెల్లెలు వాడి చెయ్యి పట్టుకుని.

నేనైతే తెస్తానని ఒట్టు వేసి ఉండేవాణ్ని. వాడు, "చూడాల్సిన చోటంతా చూస్తామ్మా. అంతవరకు చెప్పగలను" అన్నాడు. ఆ మాట విని ఆమె ఏడుపు ఆపేసింది. ఎందుకు ఆపిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ పరిస్థితిలో ఆమెకు నిజం చెప్పినవాడు వాడొక్కడే.

నేనూ వస్తానని మొండికేశాను. వాడు నా మొహం చూశాడు, తర్వాత నా చెప్పులు చూశాడు. వాళ్ల నాయన పాత బూట్లు తెచ్చి నాకు తొడిగించి, ఉప్పు కలిపిన చెంబెడు నీళ్లు తాగించాడు. సంచిలో మూడు సీసాల నీళ్లు పెట్టుకున్నాడు. బయల్దేరాక పరుగెత్తుతాడనుకున్నాను, సంతకు పోయేవాడిలా నడిచాడు. నాకు లోపల మండిపోతోంది. "బిన్నా నడువు" అంటే, "ఉరికితే కండ్లు పని చెయ్యవు మామా" అన్నాడు.

గుట్ట మీద గొర్రెలకు మేత కోసం కొమ్మలు కొడతారు. వాడు ఒక్కో చెట్టు దగ్గర ఆగి నరుకు చూసేవాడు. మా బావది ఎడమచేతి వాటం. ఆ వాటంతో పడిన నరుకులో పాలు ఇంకా తడిగా ఉంటే అటు తిరిగేవాడు. రెండుసార్లు పొరబడ్డాడు. రెండుసార్లూ "నాదే తప్పు మామా, ఎనక్కి పోదాం" అని ఒప్పుకుని వెనక్కి మళ్లాడు. నా సర్వీసు మొత్తంలో నేను ఆ మాట ఎన్నిసార్లన్నానో గుర్తు చేసుకుంటూ నడిచాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

గంటన్నర అయ్యేసరికి నా పిక్కలు పట్టేశాయి. ఇన్నేళ్లు ఊరందరి పిక్కలూ కొలిచినవాణ్ని, ఒక తునికి చెట్టు కింద కూలబడి లేవలేకపోయాను. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. తిడతాడేమో అనుకున్నాను. వాడు నా కాళ్లు చాపి వత్తి, సంచి విప్పి, రెండు సీసాలు నా పక్కన పెట్టాడు.

"దీంట్లో సగం నీది. మిగిలిన సగం, ఈ రెండో సీసా నాయనకు. దొరికితే ఈడికే తెస్తా. పావుగంటకొకసారి ఇజిలు ఊదు, నాకు దిక్కు తెలుస్తాది. కదలద్దు మామా. నువ్వు కదిలితే నేను ఇద్దర్ని ఎతకాల."

మూడో సీసా తీసుకుని వెళ్లిపోయాడు. నా జన్మలో అంత కష్టమైన డ్రిల్లు ఎప్పుడూ చెయ్యలేదు. కూర్చోవడం, ఊరికే కూర్చోవడం! విజిల్ ఊదేవాణ్ని, గడియారం చూసేవాణ్ని. ఒకసారి ఎడమవైపు లోయలో గంట మోగినట్టు వినిపించి సగం లేచాను. ఇద్దర్ని వెతకాలన్న మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను. మా చెల్లెలి మొహం, ఖాళీ నుదురు ఊహలోకి వచ్చాయి. నా సగం నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. రెండో సీసా మూత తీశాను, పెట్టాను. మళ్లీ తీశాను. రెండు గుక్కలు తాగాను. తాగిన క్షణంలోనే, చావుబతుకుల్లో ఉన్న మనిషి నోటి నీళ్లు తాగానని ఒళ్లంతా చచ్చిపోయింది.

పొద్దు బాగా వాలాక రాళ్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మా అల్లుడు వచ్చాడు. వీపు మీద వాళ్ల నాయన, వెనకాలే అరుస్తూ నల్లమూతి గొర్రె. బావ కంబళిలో అప్పుడే పుట్టిన పిల్ల. ఎండిన వంకలో రాయి జారి కాలు విరిగిందట. వాడు పోయేసరికి తెలివి లేకుండా పడి ఉన్నాడట. తెలివి వచ్చాక గొర్రెపిల్లను వదిలేసి వీపెక్కడానికి ససేమిరా అన్నాడట. దారిలో మళ్లీ సోలిపోయాడట.

వాడు బావ తల నా ఒడిలో పెట్టాడు. సగం సీసా తీసుకుని మూతతో కొద్దికొద్దిగా పట్టించాడు. పెదవులు తడిసి, గుటక పడి, కాసేపటికి బావ కళ్లు తెరిచి, "పిల్ల... పాలు తాగిందా?" అన్నాడు. నేను ఏడుస్తూ నవ్వాను. మనిషి బతికాడు. మా అల్లుడి పెదవులు పగిలి నెత్తురు కారుతున్నాయి. వాడి సీసా ఖాళీగా ఉంది. అందులోంచి ఒక్క చుక్కైనా వాడి గొంతులో పడలేదని తెలివి తెప్పించడానికి తడిపిన బావ చొక్కా చూస్తేనే తెలుస్తోంది.

వాడు రెండో సీసా అందుకున్నాడు. వాడికి నేను అబద్ధం చెప్పలేకపోయాను.

"అల్లుడా, దాంట్లో రెండు గుక్కలు నేను తాగినా. ఆగలేకపోయినా."

వాడు సీసాను వెలుగుకు పట్టి చూసి, నా చేతికి అందించాడు. ఆ మొహంలో కోపం లేదు, వెటకారం లేదు.

"మూడు గుక్కలకు లెక్కేసుకునే పెట్టి పోయినా మామా. ఇంకొకటి నీదే, తాగు."