మూడడుగుల వెలుతురు

తడి సిమెంటు వాసన చాలామందికి కొత్త ఇంటి వాసన. నాకు మాత్రం మలీద ముద్దల వాసన. నెల రోజులుగా మా పక్క స్థలంలో ఐదంతస్తుల అపార్టుమెంటు లేస్తోంది. ఆ గోడలకు కొట్టే నీళ్ల తుంపర మా వంటింటి జాలీలోంచి లోపలికి వచ్చినప్పుడల్లా బెల్లం, నెయ్యి, నలిపిన గోధుమ రొట్టె కలిసిన ఆ తీపి గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది.

సరూర్‌నగర్ చెరువుకూ ఎల్‌బీనగర్ చౌరస్తాకూ నడుమ, ఎండాకాలం నగరంలోనూ వానాకాలం చెరువులోనూ ఉండే కాలనీ మాది. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మా ఇల్లూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన లెక్కల మాస్టారి ఇల్లూ పక్కపక్కనే. సెట్‌బ్యాక్ రూలు ప్రకారం హద్దు నుంచి వాళ్లు మూడడుగులు, మేం మూడడుగులు వదిలితే మధ్యలో ఆరడుగుల సందు మిగిలింది. దానికి అడ్డంగా గోడ కట్టాలని ఎవరికీ తోచలేదు. కరివేపాకు చెట్టూ, నేను బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా గళ్లూ, ఎండాకాలం మధ్యాహ్నాలు కూడా చల్లగా ఉండే షాబాదు బండలూ, వాటి మీదికి తెరుచుకునే మాస్టారి భార్య వంటింటి కిటికీ, ఇదీ నా ప్రపంచం. ఆమెను నేను కిటికీ అత్తమ్మ అనేదాన్ని. నడుము కింద ఆమె ఎలా ఉంటుందో నాకు చాలా ఏళ్లు తెలియదు. ఆ కిటికీలోంచి గోంగూర పచ్చడి, పులిహోర వచ్చేవి, మా ఇంటి నుంచి సకినాలు, సర్వపిండి వెళ్లేవి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది రెండిళ్లకూ ఉమ్మడి రాజ్యాంగం. ఏమీ లేకపోతే చారెడు చక్కెరైనా వేసి ఇచ్చేవాళ్లు. ఆ రాజ్యాంగానికి రాయబారిని నేనే, దారిలో కొంత సుంకం కూడా వసూలు చేసుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు, తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో, బడులు మూసేశారు, నాన్న ఆఫీసూ మూతపడింది. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మ. నాన్నతోపాటు పొద్దున్నే సమ్మె టెంటుకు వెళ్లి నినాదాలు అరిచేదాన్ని. ముందు నా గొంతు పోయింది, రాష్ట్రం తర్వాత వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లకు వచ్చే పిల్లలకు గదులు చాలక కాలనీలో ప్రతి ఇల్లూ పైకీ పక్కకూ పెరుగుతున్న కాలం కూడా అదే. మేమూ ఒక గది వేయించాలనుకున్నాం. మా మేస్త్రీ సరదా మనిషి. ఒకరోజు నాన్నతో అన్నాడు.

“సెట్‌బ్యాక్ అంటే ఏం లేదు సారూ, మనకు సెట్, పక్కోనికి బ్యాక్. కడితే గిప్పుడే కట్టాలె. సమ్మెల మున్సిపాల్టోళ్లు ఒక్కడు రాడు.”

నాన్న నవ్వాడు. మర్నాడే పునాదికి ముగ్గు పోశారు.

మాస్టారు కాలనీ మీటింగులో లేచి నిలబడ్డారు. “నా ఒక్క కిటికీ గురించి కాదండీ. అందరూ సందులు మింగేస్తే రేపు ఎక్కడైనా నిప్పంటుకుంటే మనిషి దూరేదెలాగ?” అప్పటికే అంతస్తు వేసినవాళ్లు నేల చూశారు, వేయబోయేవాళ్లు నాన్నను చూశారు. నాన్న అందుకున్నాడు.

“మూడడుగులు ఇడిస్తే ఒక రూము పోతది సార్. మా జాగల మేం కట్టుకుంటే మీకేంది పరేషాన్? గా రూల్సు మీ ఊర్ల చెప్పుకోన్రి.”

ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు భిన్నాలు నేర్పిన మనిషి కుర్చీ వెనుక వేలాడుతున్న గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. టెంటులో నాన్న అడిగింది న్యాయమేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ న్యాయాన్ని ఆయన ఇంటికి తెచ్చి ఇటుకల మధ్య పెట్టి కట్టేశాడు.

గోడ లేచిన రోజు పొద్దున్నే కిటికీలోంచి ఒక గిన్నె వచ్చింది, నిండా చక్కెరపొంగలి. “అమ్మకియ్యి తల్లీ,” అంది అత్తమ్మ, అంతే. సాయంత్రానికి గోడ మా హద్దు చివర తలెత్తు దాటింది. మా కొత్త వంటింటికి వెలుతురు కావాలని పైన ఒక జాలీ మాత్రం పెట్టారు, అది వాళ్లు వదిలిన మూడడుగుల్లోకి.

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ ఆ గిన్నె నిండా మలీద ముద్దలు పెట్టింది. “గేటు దిక్కుకెల్లి పోయి ఇచ్చి రా బిడ్డా. మొగోళ్ల లొల్లి మొగోళ్లది.”

వాళ్ల గేటు దాకా వెళ్లాను. తెరిచిన తలుపులోంచి లోపల వంటిల్లు కనిపించింది. పట్టపగలు లైటు వేసుకుని కిటికీ అత్తమ్మ కూర తరుగుతోంది, ఎదురుగా మా ఇటుకలు. పిలవలేకపోయాను. వెనక్కి వచ్చి కంకర కుప్ప చాటున కూర్చుని, భయంతోనో ఆకలితోనో, ముద్దలన్నీ తినేశాను. తిన్నాక తెలిసింది, ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా అని. మేడ మీద పాత ట్రంకులో దాచి, “ఇచ్చిన,” అన్నాను అమ్మతో.

అమ్మ చాలా రోజులు ఎదురుచూసింది. “మలీద అందినా ఒక్క మాట రాలె. మనసు ఇరిగినట్టుంది,” అనేది. గోడకు అవతల అత్తమ్మ గిన్నె కోసం ఎదురుచూసి ఇంకేమనుకుందో. ఏడాది తిరక్కుండానే వాళ్లు ఇల్లు అమ్మేసి మియాపూర్ వైపెక్కడికో వెళ్లిపోయారు. కిటికీ ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఫోన్ నంబర్ల అవసరం పడలేదు.

ఇప్పుడు అక్కడ లేస్తున్న అపార్టుమెంటు ఆ మూడడుగులూ వదల్లేదు. మొన్న మా జాలీకి ఆనుకుని ఇటుక వరస వచ్చింది. రిటైరైన నాన్న ఫిర్యాదు కాగితం పట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాడు. ఈసారి ఆఫీసు తెరిచే ఉంది. వచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.

“ఏమన్నరు?” అంది అమ్మ.

“మీరెంత ఇడిచిన్రు అని అడిగిండు.”

నిన్న ట్రంకులోంచి గిన్నె తీసి అమ్మ చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైటు కింద, అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అత్తమ్మ పేరును అమ్మ వేలితో తడిమి చదివింది. నన్ను తిట్టలేదు. గిన్నె కడిగి, తుడిచి, అలవాటు కొద్దీ చక్కెర డబ్బా మూత తీసి, అట్లాగే నిలబడిపోయింది.