తిరిగి వచ్చిన రెండో రిపోర్టు

తప్పుడు నిర్ణయాలు సమాచారం అందకనే జరుగుతాయని లోకం నమ్ముతుంది. చదువుకున్నవాడి ముందు సరైన కాగితం పెడితే అతడు సరైన పనే చేస్తాడని, కార్యాలయాలకు గ్రంథాలయాలు అందుకే కావాలని సభల్లో చెబుతుంటారు. రత్నమణి కూడా ఈ మాటను ఇరవై ఆరేళ్లు నమ్మింది. ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఆమె పనిచేసే గది గురించి చెప్పాలి.

కర్నూలులో తాగునీటి పనులు చూసే ఒక కార్యాలయం ఉంది. దాని మెట్ల కింద, జనరేటరు గదిని ఆనుకుని, రత్నమణి చూసుకునే సాంకేతిక గ్రంథాలయం ఉంటుంది. బోర్లు ఎక్కడ వేశారు, ఎన్ని అడుగుల్లో నీరు పడింది, ఆ నీటిలో ఏమేమి కలిసి ఉన్నాయి అని నలభై ఏళ్లుగా రాసిన రిపోర్టులన్నీ అక్కడి అలమరల్లో ఉన్నాయి. వానాకాలంలో గోడలు చెమరుస్తాయి. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోకపోతే అక్షరం కనపడదు. గ్రంథాలయాన్ని పై అంతస్తుకు మార్చమని రత్నమణి తొమ్మిదేళ్లుగా ఏటా ఒక ఉత్తరం రాస్తోంది. జవాబు ఎన్నడూ రాలేదు.

ఆమె ఒంటిమిట్ట దగ్గరి నేత కుటుంబంలో పుట్టింది. తండ్రి ఏ చీరను చేతిలోకి తీసుకున్నా ముందు తిరగేసి చూసేవాడు. తెగిన పోగులూ ముడులూ వెనకవైపే బయటపడతాయి. రత్నమణి రిపోర్టులను అలాగే చదువుతుంది. చివర ఉండే పరీక్షల పట్టికలు ముందు చూసి, ఆ తర్వాతే మొదటి పేజీకి వస్తుంది. మొదటి పేజీని పై అధికారి కోసం రాస్తారని, చివరి పేజీ మాత్రం ఎండలో తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చినవాడి చేతి రాత అని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆమె గ్రహించింది.

ఇంజనీర్లు అలా చదవరు. అసలు చదవరన్నా పెద్ద తప్పు కాదు. వారికి కావలసింది మోడల్ కాపీ, అంటే నిరుడు ఆమోదం పొందిన ఏదో ఒక ఊరి రిపోర్టు. అందులో ఊరి పేరూ తేదీ మార్చి కింద సంతకం పెడితే కొత్త రిపోర్టు తయారవుతుంది. ఇది ఎవరో ఒక సోమరి చేసే పని కాదు. కొత్తగా చేరినవారికి పాతవారు మొదటి వారంలోనే నేర్పే విద్య ఇది. ఆ విధంగానే కల్లూరు అంచున, షేర్ ఆటోలు తిరిగే ఒక కొత్త కాలనీ గురించి రాసిన రిపోర్టులో "గ్రామ జనాభా 412, ప్రధాన వృత్తి వేరుశనగ సాగు" అన్న వాక్యం చెక్కుచెదరకుండా మిగిలింది. నలుగురు సంతకాలు చేసినా ఎవరి కంటికీ అది ఆనలేదు. అబద్ధమాడేవాడికి కనీసం నిజమేమిటో తెలిసి ఉండాలి. ఇక్కడ ఆ పాటి శ్రమ కూడా లేదు.

గ్రంథాలయానికి ఒక రిజిస్టరు ఉంది. తేదీ, అడిగినవారు, అడిగినది, ఇచ్చినది రాసి, చివరి గడిలో 'తీరింది' అనో 'తీరలేదు' అనో రాయాలి. ఏటా మార్చిలో వాటిని లెక్కపెట్టి సూపరింటెండెంటు నారాయణకు పంపాలి. గ్రంథాలయం అతని అజమాయిషీలోనే ఉంటుంది. అతడు అలమర తెరిచి ఎరగడు. నూటికి తొంభై ఎనిమిది 'తీరింది' అని వస్తే "శానా బాగుండాది" అని పైకి పంపేస్తాడు. ఆ తొంభై ఎనిమిదిని చూసి రత్నమణి ఏటా గర్వపడేది. తలచుకుంటే ఇప్పుడామెకు ఏవగింపు కలిగేది మొదట ఆ గర్వం మీదే.

ఫిబ్రవరిలో ఒకరోజు భూపేష్ వచ్చాడు. కల్లూరు కాలనీ పని చూస్తున్న ఇంజనీరు అతడే. బోరు వేసే చోటు అప్పటికే నిర్ణయించాడు. రోడ్డు పక్కన అయితే బోరు లారీ సులువుగా వచ్చి నిలబడుతుందన్నదే కారణం.

"మేడమ్, ఆ పక్క నీళ్లు తాగేదానికి పనికొస్తాయని యాడన్నా రాసుంటే ఒక పేజీ ఇయ్యండి. ఫైలు రేపు పోవల్ల."

"పనికొస్తాయా లేదా అని చూడమంటారా సార్?"

"పనికొస్తాయని చూడండి, చాలు."

రత్నమణి వెతికితే రెండు రిపోర్టులు దొరికాయి. రెండూ ఆ చోటికి అరకిలోమీటరు లోపల ఉన్న ఒకే పాత బోరు గురించినవి. మొదటిది బాగా వానలు పడిన ఏడాది అక్టోబరులో రాసినది. నీరు తాగవచ్చని అందులో ఉంది. రెండోది పన్నెండేళ్ల తర్వాత మే నెలలో రాసినది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ మే నెల పట్టికలో నాలుగు అని ఉంది. ఆమె రెండో రిపోర్టును పైన పెట్టి, పట్టిక ఉన్న చోట ఎర్ర కాగితం గుర్తు పెట్టి మరీ ఇచ్చింది. పది నిమిషాల్లో భూపేష్ ఆ రెండోదాన్ని మాత్రం తిరిగి తెచ్చాడు.

"ఇది నేను అడగలేదు గదా మేడమ్. హోటల్లో ఇడ్లీ అడిగితే ఉప్మా గూడా తెచ్చి పెడతారా?"

"ఉప్మాకు బిల్లు లేదు సార్. ఊరికే చూడండి."

"ఎండాకాలం శాంపిలు అది. ఎండాకాలంలో యాడైనా అట్లే ఉంటాది."

"ఎండాకాలంలో జనం నీళ్లు తాగరా సార్?"

అతడు నవ్వేసి వెళ్లిపోయాడు. రత్నమణి రిజిస్టరు తెరిచి, అలవాటు కొద్దీ చివరి గడిలో 'తీరింది' అని రాసింది.

ఆ గది ఊడ్చే హనుమమ్మ కాంట్రాక్టు మనిషి. కొడుకూ తానూ కూడబెట్టుకుని అదే కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో ఆరేళ్ల మనవరాలు ఉంది. ఒక ఉదయం ఆమె చీపురు పక్కన పెట్టి మేజా దగ్గర నిలబడింది.

"మేడమ్మా, ఒక మాట అడగల్ల. మా కాడ బోరు ఏస్తాండారంట గదా. ఆ నీళ్లు తాగొచ్చునా, తాగగూడదా?"

"ఎందుకు అడుగుతున్నావు హనుమమ్మా?"

"మా అమ్మోళ్ల ఊర్లో నీళ్లకు మా చిన్నాయన నడుము వంగిపాయ. అన్నం తినాలన్నా గోడకు ఆనుకోవల్ల. పాపకు ఇప్పుడిప్పుడే పాలపండ్లు ఊడి కొత్తవి వస్తాండాయి. మీరు ఇన్ని పుస్తకాలు పెట్టుకోనుండారు, మీకు తెలిసుంటాది అనుకుంటి."

ఇరవై ఆరేళ్లలో ఆ గదిలోకి జవాబు చేత్తో పట్టుకుని రాకుండా, ప్రశ్నతో మాత్రమే వచ్చిన మొదటి మనిషి ఆ గది ఊడ్చే మనిషి. తెలుసుకోవడం తనకు తెలియదని ఒప్పుకోవడంతో మొదలవుతుంది. పట్టాలున్నవారికి ఆ ఒప్పుకోలు అవమానంగా తోస్తుంది కాబట్టి వారు సమాచారాన్ని వెతకరు, సాక్ష్యాన్ని పోగుచేసుకుంటారు. ఈ రెండింటికీ ఒకే రిజిస్టరులో ఒకే గడి ఉండడం ఎంత రోతో రత్నమణికి అప్పుడు అర్థమైంది.

"తాగకూడదు" అంది ఆమె. "కాగితం ఉంది. కాపీ ఇస్తాను, రిజిస్టరులో నీ పేరు రాయాలి."

"నా పేరొద్దమ్మా. రేపే పనిలోంచి తీసేస్తారు."

రత్నమణి ఆ రోజు కాపీ ఇవ్వలేదు. ముందు పద్ధతి ప్రకారం పోదామని రెండు రిపోర్టులనూ జతచేసి, బోరు చోటు మార్చమని పై అధికారికి ఒక నోట్ రాసింది. మూడు రోజుల్లో అది నారాయణ బల్ల మీదికి దిగి వచ్చింది. పైన దాన్ని చదివినవారు నీటి గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. "ఈ నోట్ రాసేందుకు ఎవరు అనుమతించారు?" అని మాత్రం మార్జిన్‌లో రాశారు.

నారాయణ ఆమెను పిలిపించి కుర్చీ చూపించాడు.

"ఏమ్మా రత్నమణీ, పుస్తకాలకు అట్టలేసుకునే దానివి, నీకెందుకమ్మా బోర్ల సంగతి?"

"ఆ పుస్తకాల్లోనే ఉంది సార్, బోర్ల సంగతి."

"ఉండాదిలే. రెండో రిపోర్టు వెతికినా కనపడలేదు, పొరపాటున వేరే ఊరిది జత చేసినాను అని రెండు లైన్లు రాసియ్యి. ఈ నోట్ మాయమైతాది. పై అంతస్తులో తూర్పు గది ఖాళీ అయితాండాది. ఉగాదికి నీ లైబ్రరీ ఆడికి మార్పిస్తా. కిటికీలు, కంప్యూటర్లు, అన్నీ. తొమ్మిదేండ్ల నుంచి అడుగుతాండావు గదా?"

"రాయకపోతే?"

"రాయకపోతే ఈడనే, మెట్ల కిందనే. ఇంగ ఆ గది నీ జన్మలో రాదు."

ఆమె సాయంత్రం దాకా అలమరల మధ్య కూర్చుంది. ఆ ప్రలోభం చిన్నది కాదు. చెమ్మకు ఉబ్బిపోతున్న రిపోర్టులు ఎన్నో ఉన్నాయి. పై గదిలో అవి మరో ముప్పై ఏళ్లు బతుకుతాయి. ఒక్క కాగితం లేదని రాస్తే వేల కాగితాలు మిగులుతాయి. ఈ లెక్క ఆమెను చాలాసేపు పట్టుకుంది. అవసరమైన రోజున లేవని చెప్పేటట్టయితే ఆ కాగితాలన్నీ ఎవరి కోసం బతకాలో మాత్రం ఆ లెక్కలో లేదు.

మరునాడు రత్నమణి నారాయణకు రెండు లైన్లే రాసిచ్చింది: "రెండో రిపోర్టు గ్రంథాలయంలో ఉంది. నాలుగో అలమర, మూడో అర." తర్వాత రిజిస్టరులో భూపేష్ పేరు ఎదుట 'తీరింది' కొట్టేసి, 'తీరలేదు' అని రాసి తేదీతో సంతకం చేసింది. దాని కింద కొత్త వరుస మొదలుపెట్టింది. అడిగినవారి గడిలో తన పేరే రాసుకుంది. అడిగినది: ఆ నీళ్లు తాగవచ్చునా, తాగకూడదా. ఇచ్చినది: రెండు రిపోర్టుల చివరి పేజీలు. ఆ పేజీలకు కాపీలు తీసి, ముద్ర వేసి, సంతకం పెట్టి హనుమమ్మ చేతిలో పెట్టింది.

కాలనీవారు వాటిని పట్టుకుని బోరు లారీ ముందు నిలబడ్డారు. చోటు మారలేదు. కార్యాలయం తన తప్పు ఒప్పుకోకుండా, ఆ బోరు తాగునీటికి కాదు, ఇతర అవసరాలకని కాగితాల మీద మార్చి అక్కడే వేసింది. తాగడానికి ఇప్పటికీ టాంకరు నీళ్లే వస్తున్నాయి. తూర్పు గదిని మరో సెక్షనుకు ఇచ్చారు. నిరుడు మార్చిలో ఏడాది లెక్క అడిగినప్పుడు రత్నమణి రిజిస్టరును మొదటి నుంచి మళ్లీ చదివి, వరుసకొక్కటిగా దిద్ది, నూటికి పదకొండు తీరాయని పంపింది. ఆమె ఇప్పటికీ మెట్ల కిందనే పనిచేస్తోంది.