కత్తెరక్క కుర్చీ

మా కుట్టుపని షెడ్డులో కత్తెరక్క అంటే తెలియనివాళ్ళు లేరు. నలభై పొరల గుడ్డ పరిచి, పైన సుద్దతో గీసిన గీత వెంట కటింగ్ మిషన్ నడిపిందంటే అడుగు పొరకీ పై పొరకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. నోటి సంగతి వేరు. అది ఎప్పుడు ఎవరి మీద నడుస్తుందో సుద్దగీత గీసి చెప్పలేం. ఆవిడ బల్ల పక్కనే కాజాలు కుట్టే మిషన్ నాది. పదిహేనేళ్ళుగా ఆవిడ బతుకంతా నా చెవిలోనే పడుతోంది కాబట్టి, ఈ నాలుగు ముక్కలూ రాసే హక్కు ఇంకెవరికీ లేదు.

ఆవిడకు లోకమంతా ఒక్క తమ్ముడు. పన్నెండేళ్ళు చిన్నవాడు. అమ్మానాన్నలు ముందే పోతే ఈవిడే పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు వాడిది కానీ" అనేది. అలా అంటూ అంటూ ఉండగానే నలభై దాటేశాయి. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పగలంతా గ్రీజు చేతులు, సాయంత్రమైతే కంప్యూటర్ ముందు కూర్చుని చదరంగం ఆడే ప్రోగ్రాం రాసుకోవడం. ఆ ప్రోగ్రాంకి కత్తెరక్క పెట్టిన ముద్దుపేరు బుజ్జిగాడు.

ఏడాదికోసారి ఇలాంటి బుజ్జిగాళ్ళందరికీ పోటీ పెడతారు. మొదటిసారి ఆవిడ సెలవు చీటీ రాస్తుంటే నేను నోరు తెరిచాను.

"మనుషులు ఆడరా? కంప్యూటర్లే ఒకదాంతో ఒకటి ఆడతాయా? మరి మధ్యలో నువ్వెళ్ళి ఏం చేస్తావక్కా, చప్పట్లు కొడతావా?"

"ఏడిశావులే. దానికి బుర్ర ఉందిగానీ చేతులున్నాయా? ఆ చేతులు నేను."

అక్కడ మధ్యలో నిజమైన బోర్డు పెడతారట. ఎదుటివాళ్ళ ఎత్తు చూసి మన కంప్యూటర్‌లో కొట్టాలి. అది జవాబు చెప్పాక బోర్డు మీద కాయ జరిపి గడియారం నొక్కాలి. ఆ పని చేసే మనిషిని ఆపరేటర్ అంటారు. ఆపరేటర్ సొంత బుర్ర వాడకూడదు, అదే మొదటి రూలు. తమ్ముడు మొదటి ఏడు తానే కూర్చుని, కంగారులో ఒక గడికి బదులు పక్క గడి కొట్టి, గెలిచే ఆట పోగొట్టుకున్నాడు. తర్వాతి ఏటి నుంచి అక్కని కూర్చోబెట్టి తను బయట వరండాలో పచార్లు చేసేవాడు. అక్కకి కాయలు ఎలా నడుస్తాయో తెలుసు, అంతకుమించి తెలియదు. ఆ ఉద్యోగానికి అంతకంటే అర్హత ఏం కావాలి?

తొమ్మిదేళ్ళు ఆ కుర్చీ ఆవిడదే. ఏడాదిలో మిగిలిన మూడువందల అరవై రోజులూ ఆవిడ మాలాంటి మనిషే. ఆ ఐదు రోజులు మాత్రం మెడలో బిళ్ళ వేసుకుని, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని, బుజ్జిగాడి చేతులయ్యేది. తిరిగొచ్చాక నెలరోజులు మాకు అదే కథ. ఐదో ఏడు కప్పు కూడా తెచ్చుకున్నారు. ఆ కప్పు గురించి ఆవిడ ఎందుకో పెద్దగా చెప్పేది కాదు. అడిగితే "గెలిచాం, అంతే" అనేది. గొప్పలు చెప్పుకోని మనిషని నేను తెగ మెచ్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ ఏడు తమ్ముడు పెళ్ళి చేసుకున్నాడు. అమ్మాయి బడిలో పిల్లలకు చదరంగం నేర్పే టీచరు. ఆ బడి లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళి పరిచయం పెంచుకున్నాడట. ఒక్క లిఫ్టు బాగుచెయ్యడానికి అన్నిసార్లు వెళ్ళాలా అని అక్క అప్పట్లోనే అనుమానపడింది. రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకం ఆవిడే పెట్టింది, నవ్వుతూనే పెట్టింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

"ఏం మనుషులే బాబూ! భోజనాల దగ్గర కూర్చుంటే గుర్రాలూ ఏనుగులే. ఆ పిల్ల 'అక్కడ బంటు ముందుకెళ్తే?' అంటుంది, వీడు చేత్తో ముద్ద పట్టుకుని అలాగే ఆలోచిస్తాడు. నేను వడ్డిస్తున్నానా లేదా అని చూసే నాథుడు లేడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారుగా, మా ఇంట్లో నేను పావు కూడా కాదు."

నేను కిసుక్కున నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మరదలు గ్లాసు బోర్లిస్తే తప్పు, బోర్లించకపోతే తప్పు. ఆ పిల్ల గొంతు సన్నం, నవ్వు పెద్ద, అడుగు బరువు. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకప్పుడు దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగింది. నిజానికి ఆ పిల్ల ఒక్క ఎదురుమాట అన్న పాపాన పోలేదు. పోనీ అన్నా బాగుండేది, అక్కకి కాస్త ఊపిరాడేది.

అసలు దెబ్బ పోటీకి నెలముందు తగిలింది. తమ్ముడు మెల్లగా అన్నాడట: "అక్కా, ఈసారి బోర్డు దగ్గర తను కూర్చుంటుంది. నీకు భుజం నొప్పి కదా, కాస్త విశ్రాంతి."

"విశ్రాంతి కావాలని ఎవరడిగారే వాణ్ణి!" అని ఆ రోజు నా దగ్గర గుడ్డలన్నీ విసిరికొట్టింది. "భుజం నొప్పి ఈ షెడ్డులో పుట్టింది. ఇక్కడ మాన్పించమను, అక్కడ కాదు. ఆ కుర్చీ నాదే. తొమ్మిదేళ్ళు కూర్చున్నా. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల..."

"చెప్పొచ్చుగా మరి, నేనే కూర్చుంటానని."

"అడుక్కోవాలా? వాడికి తెలియాలి."

ఆ మధ్యాహ్నం తేనీటి వేళ షెడ్డు ఖాళీ అయ్యాక, ఆ ఉక్రోషంలోనే ఆవిడ నోటి నుంచి ఐదో ఏటి సంగతి జారింది.

చదరంగంలో ఒకే అమరిక మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. అలాంటప్పుడు బుజ్జిగాడి తెర మీద పసుపురంగు పెట్టె ఒకటి వస్తుంది: "మూడోసారి. డ్రా అడగాలా? అవును, కాదు." ఆపరేటర్ 'అవును' నొక్కి, చెయ్యెత్తి రిఫరీని పిలవాలి. 'కాదు' అనే హక్కు లేదు. ఆ ఏడు ఆఖరి ఆటలో ఆ పెట్టె వచ్చింది. డ్రా అయితే రెండో స్థానం, గెలిస్తే కప్పు. తమ్ముడు బయట గోడకి తల ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అక్క 'కాదు' నొక్కింది. ఎదుటి ప్రోగ్రాం తనదే పైచేయి అనుకుని దారి మార్చి, గుర్రాన్ని పోగొట్టుకుంది. కప్పు ఇంటికొచ్చింది.

"వాడి మొహం అలా చూడలేకపోయానే. వాడికి తెలియదు. తెలిస్తే ఆ కప్పు పట్టుకెళ్ళి ఇచ్చేసి వస్తాడు, అంత పిచ్చివాడు. నీ నోట్లోంచి వచ్చిందో, చూడు!"

"నా నోట్లోంచి ఎందుకొస్తుందక్కా," అన్నాను. ఇప్పుడు వస్తోందంటే ఆవిడ అనుమతితోనే. "రాసుకో, నా పరువు పోయేది ఇంకేముంది" అంది మొన్న.

పోటీ రోజుల్లో ఇంట్లో కూర్చోలేక ఈవిడా వెళ్ళింది. ప్రేక్షకుల్లో మొదటి వరస, సరిగ్గా ఆ కుర్చీకి ఓ పక్కగా, తెర కనబడేచోట. మరదలు కాయని గడి మధ్యలో పెట్టదట, ఒక పక్కకి పెడుతుందట. గడియారాన్ని పిల్లి పాదంతో తట్టినట్టు తడుతుందట. నాలుగు రోజులు అవే లెక్కపెట్టింది. పైకి దీవెనలు, లోపల "ఒక్క తప్పు చెయ్యి తల్లీ, ఒక్కటి" అనే జపం. తప్పు చేస్తే బుజ్జిగాడు ఓడిపోతాడని తెలుసు. అయినా అదే కోరుకున్నానని నాతో దాచకుండా చెప్పింది. నాలుగు రోజులు ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు.

ఐదో రోజు ఆఖరి ఆట. బుజ్జిగాడు మళ్ళీ కప్పు అంచుకి వచ్చాడు. గెలిస్తే కప్పు, డ్రా అయితే రెండో స్థానం. తమ్ముడు యథాప్రకారం వరండాలో ఉన్నాడు. ఆట ముదిరాక తెర మీద పసుపు వెలిగింది. అంత దూరం నుంచి అక్షరాలు కనబడకపోయినా ఆ పసుపుని ఆవిడ నిద్రలో కూడా గుర్తుపడుతుంది. మరదలు బోర్డు వంక చూసింది, తెర వంక చూసింది. పసుపు మాయమైంది. ఆ పిల్ల చెయ్యి ఎత్తలేదు.

"నా ప్రాణం లేచొచ్చిందే," అంది అక్క. "దొరికిందిరా దొంగ అనుకున్నా."

లేచి నిలబడింది. రిఫరీ పది అడుగుల దూరంలో ఉన్నాడు. వెళ్ళి చెవిలో ఒక్కమాట చెబితే చాలు. ఆ పిల్ల ఆ కుర్చీ ఛాయలకు కూడా మళ్ళీ రాదు. రెండడుగులు వేసింది కూడా. మూడో అడుగు పడలేదు. ఏ నోటితో చెప్పాలి? అదే కుర్చీ, అదే పెట్టె, అదే బటన్. ఆ పిల్ల వాడి కోసం చేసింది కూడా అదే. తనొక్కతే చేయగలదనుకున్న పని ఇంకొకతె కూడా చేసేసింది. రిఫరీకి చెప్పలేని బాధ కంటే అదే ఎక్కువ మండిందట కడుపులో.

వరసల మధ్యలో ఈవిడ అలా కొయ్యలా నిలబడి ఉండగానే అక్కడ మరదలు చెయ్యెత్తింది.

"సర్, రెండెత్తుల కింద ఇది డ్రా అడిగింది. నేను కాదు నొక్కాను. గెలుపు కనబడుతుంటే మనసొప్పలేదు. కానీ ఇది నా ఆట కాదు కదా. తప్పు నాదే."

రిఫరీ వచ్చి తెర చూశాడు, ఎదుటివాళ్ళని పిలిచాడు, ఎత్తులు వెనక్కి తిప్పి లెక్కచూశాడు, డ్రా అని రాసేశాడు. కప్పు పోయింది. కబురు విని తమ్ముడు లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఇప్పుడు చివాట్లు పెడతాడని అక్క ఎదురుచూసింది. వాడు పెళ్ళాం భుజం మీద చెయ్యేసి, "పోనీలే, ఆ డ్రా అడిగే ముక్క తెలివితక్కువగా రాసింది నేనే" అని నవ్వాడు. అలాంటి నవ్వు కప్పు వచ్చిన రోజున కూడా వాడి మొహాన లేదట.

జనం పలచబడ్డాక ముగ్గురూ సామాను సర్దుకుంటున్నారు. అక్క ఇక ఆగలేకపోయింది. ఆ పిల్ల నిజం చెప్పి నవ్వు సంపాదించుకుంటే తనెందుకు మిగిలిపోవాలి? కావాలంటే దీన్ని కూడా ఓర్వలేనితనమే అనండి, ఆవిడ కాదనదు.

"ఒరేయ్, ఒకటి చెప్పాలి. ఐదో ఏడు ఆఖరి ఆటలో నేనూ కాదు నొక్కాను. ఆ కప్పు మనది కాదు."

తమ్ముడు తెరని సంచిలో పెడుతూ ఆగాడు. "తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"బుజ్జిగాడు ప్రతిదీ ఫైల్లో రాసుకుంటాడుగా. ఏ బటన్ ఎప్పుడు నొక్కారో అన్నీ ఉంటాయి. ఆ సాయంత్రమే చూశాను."

"మరి అడగలేదేంరా?"

"అడిగితే నువ్వు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవని భయమేసింది. కప్పు వెనక్కిస్తే నీ పేరు బయటికొస్తుంది. నేనూ నోరుమూసుకున్నాను. నీ తప్పులో నాకూ సగం ఉంది."

అక్కకి కళ్ళు చెమర్చాయి. దగ్గరికి వెళ్ళి వాడి తల నిమరబోయింది. అప్పుడు కనబడిందట: మరదలు పక్కనే కూర్చుని వైరు చుట్టలు చుట్టుకుంటోంది. ఆ పిల్ల తల ఎత్తలేదు, ఆశ్చర్యపోలేదు, వైరు చుట్టడం ఆపను కూడా ఆపలేదు.

"నీకూ తెలుసా?"

"తెలుసు వదినా."

"ఎప్పట్నించి?"

ఆ పిల్ల మొగుడి వంక చూసింది. అబద్ధం చెప్పడం రాని మనిషి కదా. "రెండేళ్ళు దాటింది. మా పరిచయమైన కొత్తలోనే చెప్పారు. 'మా అక్క నా కోసం ఎంతకి తెగించిందో చూడు' అని. గొప్పగానే చెప్పారు వదినా. వచ్చే ఏడు మీరే కూర్చోండి. నాకు అక్కడ చేతులు ఊరుకోవు."

సోమవారం షెడ్డుకొచ్చి ఇదంతా చెప్పింది. నేను మిషన్ ఆపేసి విన్నాను.

"ఇంకేం అక్కా! వాడు కోప్పడలేదు. గొప్పగా చెప్పుకున్నాడు. కుర్చీ కూడా తిరిగొచ్చింది. ఇంకా ఏడుపెందుకు? మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నీ వరస."

"ఆ పిల్ల నవ్వలేదే. నవ్వితే బాగుండేది."

గుడ్డ మీద సుద్ద పెట్టింది గానీ గీత గీయలేదు.

"వాడు నాకు చెప్పలేదు, దానికి చెప్పాడు. నన్ను అడగడానికి భయమేసింది, దానికి చెప్పడానికి భయం వెయ్యలేదు. పోయినేడూ అంతకుముందేడూ ఆ పిల్ల హాలుకొచ్చి మూడో వరసలో కూర్చునేది, ఐదు రోజులూ, కదలకుండా. నన్నే చూస్తూ కూర్చునేదే. నేను ఆట చూస్తోందనుకున్నా."