రెగ్యులేటర్‌కు పెట్టిన బొట్టు

నా డైవింగ్ సంచి మీద తెల్ల మార్కర్‌తో గీసిన గుండ్రం ఏమిటని పోయిన సెలవుల్లో మీ అక్కచెల్లెళ్లిద్దరూ అడిగారు. కంపెనీ వాళ్ల డిజైన్ అన్నాను. అది అబద్ధం. అప్పుడు పక్కనే మీ అమ్మ ఉంది. ఇప్పుడు మీరు పాయింట్ కుక్‌లో, నేను పెర్త్‌లో హారిస్‌డేల్ ఇంట్లో ఉన్నాం కనుక ధైర్యం చేసి నిజం రాస్తున్నాను. మీకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు, అమ్మే చదివి వినిపించాలి. అంటే తనకీ తెలిసిపోతుంది. సరే, కానివ్వండి.

నేను డైవింగ్ నేర్చుకున్నది యాభై నాలుగేళ్లప్పుడు. అప్పటిదాకా నాకు పరిచయమున్న నీళ్లు బకెట్లోవే. ఆస్పత్రిలో నాతో పనిచేసే నర్సు ఒకామె తను చేరుతూ నన్నూ లాక్కెళ్లింది. అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా మత్తు డాక్టరుగా ఉన్నాను. ఊరందరికీ గాలి అందించిన దాన్ని, నాకు నేను అందించుకోలేనా అనుకున్నాను. పైగా నా గొంతు సంగతి మీకు తెలుసు. పక్కన కూర్చున్నవాళ్లకే వినపడదు. నా పేషెంట్లయితే నేను మాట పూర్తి చేసేలోపే నిద్రపోయేవారు. నీళ్ల అడుగున మాత్రం "ఏంటి, మళ్లీ చెప్పండి" అనేవాళ్లుండరు. అక్కడ అందరూ నాలాంటివాళ్లే.

అప్పుడు కొన్న సిలిండర్‌నీ రెగ్యులేటర్‌నీ పదిహేనేళ్లు వాడాను. సిలిండర్‌లో కుక్కిన గాలిని మనం పీల్చుకోగలిగేలా తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. దాని ఒక కొసన ఉన్న ఇత్తడి బిళ్ల సిలిండర్‌కు బిగుస్తుంది. రెండో కొసన రబ్బరు ముక్కను పళ్ల మధ్య పట్టుకోవాలి. ఆ రబ్బరు మీద నా పళ్ల గుర్తులు ఎంత లోతుగా పడ్డాయంటే, దాన్ని పంపిస్తే చాలు, డెంటిస్టు నన్ను చూడకుండానే కట్టుడు పళ్లు చేసిస్తాడు.

పోయిన ఆగస్టులో, మన ఆస్ట్రేలియా చలికాలం చివర్లో, మీలో పెద్దది ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, ఐ గాట్ మై సర్టిఫికెట్! సెలవుల్లో మనిద్దరం డైవింగ్, ఓకే? ప్రామిస్?"

"ప్రామిస్ అమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్లి రెగ్యులేటర్ బిగించి చూస్తే, నేను నోట్లో పెట్టుకోకముందే బుస్సుమని గాలి కారిపోతోంది. దాన్ని ఏటా సర్వీసు చేయించాలి. రిటైరయ్యాక ఒక్కసారీ చేయించలేదు. అయినా నాకు కంగారు పుట్టలేదు. మన వంటింట్లో కుక్కర్ చూశారుగా, మీ అమ్మకంటే పెద్దది. గాస్కెట్ మారిస్తే కుక్కర్ మళ్లీ కొత్తదే అని నా సిద్ధాంతం. రెగ్యులేటర్ మాత్రం ఏమిటి? అదీ ప్రెషరే, అదీ రబ్బరు రింగులే, అదీ బుస్సే.

డైవింగ్ షాపులో బాగుచేసే ఆవిడకు మీ అమ్మ వయసుంటుంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నేను మన భాషలో రాస్తున్నాను. ఇత్తడి బిళ్ల మూత తీసి లోపలికి టార్చి వేసింది. మొహం మారిపోయింది.

"ఈ చిన్న జల్లెడ చూశావా, లవ్? ఇది ఆకుపచ్చగా మారితే ఉప్పునీళ్లు దూరినట్టు. ఎర్రబడితే సిలిండర్ లోపల తుప్పు పట్టినట్టు. ఇంత ఎరుపు నా సర్వీసులో చూడలేదు. రెండూ మార్చేయాల్సిందే."

వంగి చూశాను. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున్నే అద్దంలో చూసేదే.

రిటైరయ్యాక తీరిక దొరికి దసరాకి ఆయుధ పూజ శ్రద్ధగా చేయడం మొదలుపెట్టాను. కారుకీ, తాతయ్య డ్రిల్లింగ్ మెషీన్‌కీ, కుక్కర్‌కీ, నా డైవింగ్ సామానుకీ పసుపు, కుంకుమ. మూత తీస్తే రెగ్యులేటర్ ఇత్తడి బిళ్ల అచ్చం నుదురులా ఉండేది. మధ్యలో చిన్న గుంట కూడా ఉంది. అందులో బొట్టు చక్కగా నిలిచేది. అది గాలి వెళ్లే దారి అని నాకు తెలియక కాదు. పూజ గదిలోకి వెళ్లేటప్పుడు చదువుని చెప్పులతో పాటు గుమ్మం దగ్గరే వదిలేసినట్టున్నాను.

అదంతా ఆవిడకు చెప్పాలి కదా? చెప్పలేదు. "థాంక్యూ" అని వచ్చి కారులో కూర్చున్నాను.

"ఏమందోయ్?" అన్నారు తాతయ్య.

"రెండూ పోయాయట."

"పోతే పోయాయి. కొత్తవి కొనుక్కో."

"అవి పోలేదండీ. తుప్పనుకుంటోంది. అది కుంకుమ."

తాతయ్య తిప్పబోయిన తాళంచెవి వదిలేశారు. "బొట్టెక్కడ పెట్టావు?"

"గుంటలో."

"గాలి పోయే గుంటలోనా! డాక్టరువేనటే నువ్వు?"

"ఏడాదికొక్కటే పెట్టానండీ."

"వెళ్లి చెప్పిరా. నిక్షేపంలాంటి సిలిండర్ పారేస్తారు."

"మీరు చెప్పకూడదూ? మీ గొంతు పెద్దది."

"బొట్టు పెట్టింది నేనా?"

మళ్లీ లోపలికి వెళ్లాను. నా గొంతుతో మొదటిసారి చెబితే ఆవిడకు వినపడలేదు. రెండోసారీ వినపడలేదు. మూడోసారి ఉన్న బలమంతా కూడదీసుకుని "అది తుప్పు కాదు, మా పూజ కుంకుమ!" అన్నాను. సరిగ్గా అప్పుడే షాపులో పాట ఆగింది. కాళ్లకు ఈత ఫిన్స్ కొలుచుకుంటున్న వాళ్లంతా తిరిగి చూశారు.

ఆవిడ పకపకా నవ్వింది. "పొడేనా? అయితే నో వర్రీస్, శుభ్రం చేసి చూద్దాం."

పాత రెగ్యులేటర్ బతికిందన్న సంబరంలో నాకు ఎన్నడూ లేనిది నోరు లేచింది. "రాలిపోకుండా కొబ్బరినూనె చుక్క వేసి పెడతాను, అందుకే అంత బాగా అంటుకుంది" అన్నాను.

"నూనెనా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. అప్పుడు నా మాట నా చెవికి ఎక్కింది. నా ఉద్యోగం మొత్తంలో నేను గొంతు పెంచింది ఒక్కసారే. ఆపరేషన్ థియేటర్‌లో ఆక్సిజన్ దగ్గరికి వాజలీన్ పట్టుకొచ్చిన కుర్ర డాక్టర్ మీద. "నూనె జాతి ఏదీ గాలి గొట్టాల దరిదాపులకు రాకూడదు, భగ్గుమంటుంది" అని అరిచాను, పాపం.

ఆవిడ విప్పి చూపించింది. రబ్బరు రింగులు నానేసిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. "ఈ మోడల్‌కి రింగులు రావడం మానేశాయి. వచ్చినా నీకు వేసివ్వను" అంది. సిలిండర్ తెరిచి చూస్తే లోపల తళతళలాడుతోంది. నిజం చెప్పినందుకు సిలిండర్ దక్కింది, మరీ ఎక్కువ చెప్పినందుకు రెగ్యులేటర్ పోయింది.

"కొత్తదైతే ఎంతకాలం వస్తుంది?" అన్నాను.

"నువ్వు పోపు పెట్టకపోతే ఇరవై ఏళ్లు."

పోపు అనలేదులెండి, వేయించకపోతే అంది. అరవై తొమ్మిదికి ఇరవై కలుపుకున్నాను. ఏమీ కొనకుండా వచ్చేశాను. పాతదైతే నేనున్నన్నాళ్లు ఉంటే చాలు. కొత్తదైతే దానితోపాటు నేనుండాలి. వాకర్ పట్టుకుని సముద్రంలోకి దిగుతున్నట్టు ఊహించుకుని నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఇంక మానేస్తే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

మర్నాడు మీకు ఫోన్ చేస్తే పెద్దది ఎత్తింది. "నువ్వు ట్రైనర్‌తో దిగమ్మా. నేను తాతయ్యతో ఒడ్డున కూర్చుంటాను."

"వై? యూ ప్రామిస్డ్!"

"నాది పాడైందిరా. కొత్తదైతే ఇరవై ఏళ్లొస్తుందట, ఈ వయసులో నాకెందుకు?"

ఇంతలో చిన్నది ఫోన్ లాక్కుంది. "ట్వెంటీ ఇయర్స్? కూల్! నీ తర్వాత ఐ కెన్ హావ్ ఇట్!"

"నో వే! నేను పెద్ద, ఐ గెట్ ఇట్ ఫస్ట్!"

"అమ్మమ్మ ఇంకా లైన్లోనే ఉందే!" అని మీ అమ్మ వెనక నుంచి కేకలేసింది. నేను ఉండగానే నా ఆస్తి పంపకాలు జరిగిపోతున్నాయి. ఇంక నాకే సందేహమూ మిగల్లేదు. వాటాదార్లు ఇద్దరుండగా నా వయసుతో పనేమిటి?

మధ్యాహ్నమే వెళ్లి కొన్నాను. ఆవిడ బిల్లు ఇవ్వకముందే అడిగింది: "ఆ ఎర్రచుక్క మళ్లీ ఎప్పుడు పెడతావు?"

"దసరాకి. ఇంకో నెలన్నర."

ఆవిడ నా సంచి లాక్కుని, తెల్ల మార్కర్‌తో పైన గుండ్రం గీసింది. "ఇక్కడ. ఇందులో నీ ఇష్టం. ఇది దాటితే మళ్లీ నా షాపుకి రాకు."

ఆ తర్వాతది మీకు తెలిసిందే. దసరా మీ సెలవుల్లోనే వచ్చింది. చిన్నది సంచికి బొట్టు పెడుతూ గీత దాటించింది. "సంచి బయటే కదా, ఫర్వాలేదు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందిగా. మర్నాడు రాకింగ్‌హామ్ దగ్గర సముద్రంలో పెద్దదీ నేనూ దిగాం. నిమిషానికోసారి నా మొహంలోకి చూసి, బాగున్నావా అని వేళ్లతో అడుగుతూనే ఉంది, నేనే కొత్తగా నేర్చుకున్నదాన్నయినట్టు.

కొత్త రబ్బరు మీద అప్పుడే నా పళ్ల గుర్తులు పడుతున్నాయి. మీలో ఎవరి చేతికొచ్చినా ఆ ముక్క ఒక్కటి మార్చుకోండి. మిగతాదానికి నూనె తగల్లేదు.